లాక్ ప్లేట్ మీద 1863, నాళం మీద 1314: దేవరకొండ దిక్కు ఒక స్నైడర్ ఎవరెవరి చేతులు మారింది

దేవరకొండ దిక్కు ఒక పాత పోలీసు పటేలు కుటుంబంలో కొన్ని తరాలుగా ఉన్న పొడవాటి స్నైడర్ రకం తుపాకీ ఇది. లైసెన్సు ఇంటి పెద్దాయన పేరు మీద ఉండేది. ఆయన కాలం చేశాక వారసులు దాన్ని లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర డిపాజిట్ చేశారు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెప్పేదీ అదే. కొడుకులకు, మనుమలకు తుపాకీతో పని లేదు. జిల్లా మ్యూజియానికి ఇచ్చేస్తే నలుగురూ చూస్తారని అనుకున్నారు. ఇవ్వాలంటే అది ఏ రకం, ఏ కాలంది, ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చిందో రాసిన కాగితం ఉండాలి. పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఆ పని నా దగ్గరికి వచ్చింది.

ఇంట్లో రెండు కథలున్నాయి. పెద్దకోడలు చెప్పే కథ: "రజాకార్ల తాన గుంజుకున్న తుపాకి సారూ ఇది. మా మామ గుంజుకున్నడు." చిన్న మనుమడు చెప్పే కథ ఇంకొకటి: నిజాం నవాబు తాతముత్తాతలకు బహుమతిగా ఇచ్చాడట. ఆవిడ కథలో తుపాకీ ఇంటికి చేరింది 1948లో. మనుమడి కథలో ఎప్పుడో తెలియదు, కానీ నేరుగా నవాబు చేతుల మీదుగా.

పాత ఆయుధం మీద ముద్రలు కనబడగానే అందరూ ఒక్కో ముద్రకు అర్థం వెతుకుతారు. కిరీటం ఉంటే రాణిది, బాణం ఉంటే సైన్యంది, ఉర్దూ ఉంటే నిజాంది. నేను అర్థం జోలికి తర్వాత పోతాను. ముందు ఏ ముద్ర మీద ఏ ముద్ర పడింది, ఏది పాత తుప్పు కింద ఉంది, ఏది తుప్పును కోసుకుంటూ దిగింది, ఎక్కడ గీకేశారు అనేవి చూస్తాను. ఈ వరుస తేలితే సగం అర్థాలు వాటంతట అవే తేలతాయి. వరుస తేలకుండా అర్థాలు చెప్పబోతే, ఇంట్లో చెప్పుకునే కథకు సరిపోయే ముద్రలే మన కంటికి కనబడతాయి.

ఇంకో రెండు మాటలు చెప్పి అసలు పనిలోకి వెళ్తాను. పాత తుపాకీ చేతికి రాగానే లోపల మందు, గుండు ఉన్నాయా చూడాలి. మూతి నుంచి కూరే భర్మార్లయితే మరీ జాగ్రత్త, తాతల కాలంలో దట్టించిన మందు అట్లాగే ఉండిపోయినవి ఉంటాయి. సన్నటి కర్రపుల్లను నాళంలోకి వదిలి ఎంత లోతు పోయిందో బయట కొలిచి చూస్తే తెలిసిపోతుంది. రెండోది చట్టం. "వందేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు" అని ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. అది తప్పు. 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది పాతకాలపు నమూనాదో, పురాతన విలువ ఉన్నదో, పాడైపోయిందో అయి, రిపేరు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరాని ఆయుధానికే. ఒక స్ప్రింగ్ మారిస్తే పేలేది ఎంత పాతదైనా తుపాకీయే. అందుకే ఈ పరిశీలన మొత్తం డీలర్ గదిలోనే, రిజిస్టరులో రాసి, వాళ్ల మనిషి పక్కన ఉండగానే చేశాను.

ముందు ఆయుధం సంగతి

లాక్ ప్లేట్ (పేల్చే యంత్రాన్ని కప్పే పక్క పలక) మీద, ఘోడా (పేల్చే సుత్తి) వెనక, కిరీటం. దాని కింద వి.ఆర్. అంటే విక్టోరియా రాణి. ముందుభాగంలో 1863, ఎన్‌ఫీల్డ్. మనుమడు దీన్ని బట్టి తుపాకీ 1863 నాటిదని ఖాయం చేసుకున్నాడు. ఆ లాక్ 1863 నాటిదే. తుపాకీ ఇప్పుడున్న రూపం మాత్రం అప్పటిది కాదు.

1863లో ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారంలో తయారైంది 1853 నమూనా రైఫిల్. మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, గజంతో దట్టించేది. 1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ లేచింది ఈ నమూనా రైఫిల్ మీదే. 1866లో బ్రిటిష్ సైన్యం అమెరికావాడైన జేకబ్ స్నైడర్ పద్ధతిని తీసుకుంది. అప్పటికే ఉన్న ఎన్‌ఫీల్డ్‌ల నాళం వెనక రెండున్నర అంగుళాలు కోసేసి, అక్కడ వెనక నుంచే తూటా పెట్టేందుకు కుడిపక్కకు తెరుచుకునే బ్రీచ్‌ను బిగించారు. 39 అంగుళాల నాళం 36.5 అంగుళాలైంది. మన తుపాకీ నాళం కొలత సరిగ్గా అంతే. బ్రీచ్ మీద రోమన్ అంకె రెండు, పక్కన రెండు చిన్న నక్షత్రాలు ఉన్నాయి. అంటే రెండో మార్కులో రెండోసారి సవరించిన రకం, 1867 నాటి మార్పు. కాబట్టి దీని చరిత్రలో మొదటి సంఘటన 1863లో తయారీ అయితే, రెండోది 1867లోనో ఆ తర్వాతో జరిగిన ఈ కోత.

యజమాని ముద్రల్లా కనబడి మోసం చేసేవి కొన్ని ఉంటాయి. చిన్న కిరీటం, దాని కింద ఒక అంకె, ఆ కింద 'ఇ' అనే ఇంగ్లీషు అక్షరం: ఇది ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో భాగాన్ని తనిఖీ చేసినవాడి గుర్తు. నాళం మీద, బ్రీచ్ మీద, ట్రిగ్గర్ గార్డు మీద ఎన్నో ఉంటాయి. రాజుగారి కిరీటం అని వీటిని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి ఎవరి సొత్తో చెప్పవు, పాసైందని మాత్రమే చెబుతాయి.

నకిలీ అనుమానం కూడా ముందే తీర్చుకోవాలి. వాయవ్య సరిహద్దు పల్లెల్లో చేతిపనితో చేసిన బ్రిటిష్ నమూనాలు దేశమంతా తిరుగుతున్నాయి. వాటిలో ఇంగ్లీషు 'ఎన్' తిరగబడి ఉంటుంది, లేదా వి.ఆర్. కింద 1907 అని ఉంటుంది. విక్టోరియా 1901 జనవరిలోనే చనిపోయింది. టూరిస్టుల కోసం చేసిన మస్కెట్ల మీద ఈస్టిండియా కంపెనీ సింహాన్ని కొట్టి అమ్మేవీ ఉన్నాయి. దీని మీద అక్షరాల లోతు, అంచుల పదును, వరుస అన్నీ కర్మాగారం పనే. నకిలీ కాదు.

బట్టు కుడివైపు

కర్ర బట్టు (భుజానికి ఆనించే వెనకభాగం) కుడివైపున గుండ్రటి కర్మాగార ముద్ర సగం అరిగిపోయి ఉంది. దాని వెనక మూడు గీతల బాణం. ఈ బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని చెప్పే గుర్తు. తుపాకీ నుంచి టెంటు గుడ్డ దాకా అన్నిటి మీదా కొట్టేవాళ్లు. ఇక్కడ బాణంతో కలిపి 'ఐ' అనే అక్షరం ఉంది. అంటే ఇండియా ప్రభుత్వం ఆస్తి. ఇంతవరకు మామూలే.

మామూలు కానిది దాని పక్కన దొరికింది. మొనకు మొన తగిలేటట్టు ఇంకో బాణాన్ని ఎదురుగా కొట్టారు. ఇట్లా రెండు బాణాల మొనలు కలిస్తే సర్కారు ఆ వస్తువును అమ్మేసిందని, ఇక అది సర్కారుది కాదని అర్థం. రెండో బాణంలోని ఒక గీత 'ఐ' అక్షరం పాదాన్ని కోసుకుంటూ పోయింది. టార్చిలైటును బట్టుకు దాదాపు ఆనించి పక్క నుంచి వేస్తే ఆ కోత స్పష్టంగా కనబడుతుంది, నిలువుగా వేస్తే కనబడదు. కాబట్టి ముందు ఇండియా సర్కారు ఆస్తి, తర్వాత అమ్మకం. ఈ వరుసలో అనుమానానికి తావు లేదు.

అమ్మకం ఎక్కడ జరిగింది? ఇంగ్లండులోనే వ్యాపారులకు అమ్మి ఉంటే నాళం మీద బర్మింగ్‌హామ్‌దో లండన్‌దో పౌర పరీక్ష ముద్ర పడి ఉండాలి. బర్మింగ్‌హామ్‌దయితే కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు. నాళమంతా, అడుగున కర్రలో దాగే భాగంతో సహా చూశాను. లేదు. లేని గుర్తును కూడా నివేదికలో రాయాలి, ఇక్కడ అది గట్టి సాక్ష్యం. తుపాకీ ఇండియాలోనే చేతులు మారింది.

ఇత్తడి మీద హెచ్.సి.

స్నైడర్ బట్టు చివర ఇత్తడి పలక ఉంటుంది. దాని పైకొస ఒక నాలుకలా బట్టు పైకి వంగి ఉంటుంది. రెజిమెంటు నంబర్లు కొట్టేది దాని మీదే. ఆ కాలపు ఎన్‌ఫీల్డ్‌లకు కర్మాగారం సీరియల్ నంబరు ఉండదు. కాబట్టి అక్కడ ఏ నంబరు కనబడినా అది పలటన్ (సైనిక దళం) ఇచ్చిన నంబరే.

ఈ ఇత్తడి చాలా అరిగింది. కారణం వెతకనక్కర్లేదు. ఏటా దసరా ఆయుధపూజకు చింతపండు పెట్టి తళతళలాడేలా తోమారు. మరోపక్క అదే పూజ నాకు మేలు కూడా చేసింది. లోతైన గీతల్లో ఏళ్ల తరబడి పసుపు, కుంకుమ చేరి గట్టిపడ్డాయి. అవి ఉన్న గీతలు భూతద్దంలో రంగు పూసినట్టు కనబడ్డాయి. ఇట్లాంటి వస్తువులు ఎవరి దగ్గరున్నా నేను చెప్పేది ఒకటే: చూపించే ముందు తోమకండి. మురికి పోతే మళ్లీ రాదు.

చదవగలిగినంత చదివితే: పై వరుసలో 3, ఇంగ్లీషు హెచ్, సి. కింద 412. డీలర్ దగ్గర పనిచేసే అబ్బాయి వెంటనే అన్నాడు, "హెచ్.సి. అంటే హెడ్ కానిస్టేబులే కద సార్." పోలీసు శాఖలో బతికినవాణ్ని, నాకూ మొదట గుర్తొచ్చేది అదే. కానీ హోదాను తుపాకీ మీద కొట్టరు. తుపాకీ మనిషిది కాదు, దళానిది. ముందున్న 3 దళం నంబరు, వెనకున్న 412 ఆ దళంలో తుపాకీ నంబరు అనుకుంటే హెచ్.సి. ఒక పెద్ద సైన్యం పేరు కావాలి. ఆ రోజుల్లో, ఈ ప్రాంతంలో, ఇండియా ప్రభుత్వ ఆయుధాలు వాడుతూ ఆ రెండక్షరాలకు సరిపోయేది హైదరాబాద్ కాంటింజెంట్.

కాంటింజెంట్ గురించి మనవాళ్లకే తెలిసింది తక్కువ. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల చేతి కింద నడిచిన సైన్యం అది. దాని జీతాల బాకీ కిందే 1853 ఒప్పందంలో బీరారును బ్రిటిష్‌వాళ్లకు అప్పగించారు. కేంద్రం బొల్లారం. హింగోలి, ఔరంగాబాద్, లింగసుగూరు, రాయచూరులలో కంటోన్మెంట్లు. నాలుగు అశ్వదళాలు, ఆరు పదాతి దళాలు, నాలుగు ఫిరంగి బ్యాటరీలు. 1903లో మొత్తాన్ని ఇండియా సైన్యంలో కలిపేసి, పదాతి దళాలకు 94 నుంచి 99 వరకు నంబర్లిచ్చారు. అవే 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు అయ్యాయి. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంటుగా మారింది. ఇవాళ కొండల్లో పుట్టినట్టు కనిపించే ఆ రెజిమెంటు మూలం దక్కనులో ఉందంటే మన కుర్రాళ్లు నమ్మరు.

నాళాన్ని కర్రకు బిగించే పట్టీలు మూడున్న పొడవాటి స్నైడర్ పదాతిదళం ఆయుధం. కాబట్టి 3 అంటే మూడో పదాతి దళం అని తీసుకున్నాను. కాలం కూడా కుదురుతుంది. 1857 తర్వాత దేశీ సిపాయిలకు తెల్ల సిపాయిల కంటే ఒక మెట్టు తక్కువ ఆయుధం ఇవ్వడం పద్ధతి అయింది. తెల్లవాళ్ల చేతికి మార్టినీ-హెన్రీలు వచ్చాకే వీళ్లకు స్నైడర్లు వచ్చాయి. మార్టినీని సైన్యం తీసుకున్నది 1871లో. 1890లలో దేశీ దళాలకూ మార్టినీలు చేరాక స్నైడర్లు మిగిలిపోయాయి. మిగిలిపోయినవాటిని అమ్మడం సహజం.

నివేదికలో ఈ అంశం పక్కన 'బలమైన అవకాశం' అని రాశాను, 'నిశ్చయం' అని కాదు. రెండక్షరాల మీద నిశ్చయం కట్టకూడదు.

నాళం మీద ఉర్దూ

నాకు ఈ పనిలో ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. బ్రీచ్‌కు ముందు, నాళం పైభాగాన, గోధుమరంగు పాత తుప్పు కింద ఉర్దూ అక్షరాలు, అంకెలు ఉన్నాయి. ఇంటివాళ్లు వాటిని గీతలనుకున్నారు. ఆ తుప్పును గీకలేదు. సన్నటి నూనె రాసి, ఒకరోజు వదిలి, మెత్తటి గుడ్డతో అద్ది తీసి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీశాను. అచ్చులో మూడు వరుసలు తేలాయి. నల్లగొండలో ఉర్దూ పండితుడిగా రిటైరైన ఒక మిత్రుడు పక్కన కూర్చుని చదివాడు.

పై వరుసలో కాఫ్, అలిఫ్, కొద్ది దూరంలో నూన్. మధ్య వరుసలో రెండంకెల సంఖ్య. కింది వరుసలో 1314.

మధ్య సంఖ్య దగ్గర జాగ్రత్త పడాలి. ఉర్దూ ఏడు ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు ఉంటుంది. నాళాన్ని ఏ వైపు నుంచి చూస్తున్నామన్న దాన్ని బట్టి 77 కాస్తా 88 అవుతుంది. కింది వరుసలో మూడు, నాలుగు అంకెల తోకలు ఏ దిక్కుకు వాలాయో చూస్తే పైవైపు ఏదో తెలుస్తుంది. దాని ప్రకారం ఇది 77. అట్లాగే రెండుకు, మూడుకు తేడా ఒక పన్నే. మూడులో ఒక పన్ను అరిగితే 1314 కాస్తా 1214 అవుతుంది. హిజ్రీ 1214 అంటే 1799, అప్పటికి ఎన్‌ఫీల్డ్ నమూనా పుట్టనే లేదు కాబట్టి ఆ బాధ మనకు లేదు. సున్నా వట్టి చుక్క. తుప్పు తిన్న గుంట కూడా సున్నాలాగే ఉంటుంది. ఇందులో సున్నా లేకపోవడం నా అదృష్టం.

అసలు చిక్కు 1314 ఏ శకం అన్నది. హిజ్రీ అయితే 1896-97. ఫస్లీ అయితే 1904-05. నిజాం రాజ్యంలో రెండూ నడిచాయి. మతపరమైన లెక్కలకు, నాణేలకు హిజ్రీ. రెవెన్యూకు, దఫ్తరు వ్యవహారాలకు ఫస్లీ. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. సంవత్సరం అక్టోబరులో మారేది కాబట్టి జనవరి నుంచి మిగతా నెలలకు 591. పాత పట్టాలు చూసే పట్వారీ కుటుంబాల వాళ్లకు ఇది నోటి లెక్క. కానీ తుపాకీ మీద కనబడితే చాలామంది కళ్లు మూసుకుని హిజ్రీ అనేస్తారు.

ఈ రెండింటి మధ్య తేడా ఎనిమిదేళ్లే. అయినా కథ మారిపోతుంది. 1896 అయితే కాంటింజెంట్ ఇంకా ఉంది, దాని పాత స్నైడర్లు మెల్లగా బయటికి వస్తున్న కాలం. 1904 అయితే కాంటింజెంటే లేదు, దాని గోదాముల్లో మిగిలిన సామానుకు గతి చూపిస్తున్న కాలం. రెండూ కుదిరేవే. తర్కంతో తేల్చడానికి వీల్లేదు.

తేల్చింది ఒక చిన్న అక్షరం. ఉర్దూలో సంవత్సరం పక్కన హిజ్రీ అయితే 'హే', ఫస్లీ అయితే 'ఫే' రాస్తారు. 1314కు ఎడమపక్కన తుప్పు గడ్డ కట్టిన చోట ఒక చిన్న వంపు మాత్రమే కనబడింది. రెండోసారి నూనె పెట్టి తీసిన అచ్చులో ఆ వంపు మీద చుక్క తేలింది. చుక్క ఉంటే 'ఫే', 'హే'కు చుక్క లేదు. ఆ చుక్క తుప్పు గుంట కాదని ఎట్లా తెలుసంటే, దాని అడుగు చదునుగా, మిగతా అక్షరాల లోతుతో సమానంగా ఉంది. తుప్పు గుంట అడుగు గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. కాబట్టి 1314 ఫస్లీ, 1904-05.

ఇక పై అక్షరాలు. నిజాం రాజ్యంలో జిల్లాల పోలీసును కొత్వాలీ అజ్లా అనేవాళ్లు. కాఫ్, అలిఫ్ అందుకు సరిపోతాయి. నూన్ నల్లగొండకు సరిపోతుంది. ఫస్లీ సంవత్సరం కూడా దఫ్తరు పద్ధతే. ఇంకో ఆధారం నాళం లోపల ఉంది. ఈ రకం ఎన్‌ఫీల్డ్ నాళంలో గుండును తిప్పే మూడు మెలిక గాళ్లు ఉండాలి, వ్యాసం 0.577 అంగుళం, అంటే 14.66 మిల్లీమీటర్లు. దీనిలో గాళ్లు లేవు. లోపల నున్నగా తొలిచేశారు, వ్యాసం 15 మిల్లీమీటర్లు దాటింది. అరిగిపోవడం కాదిది, అరుగుదల మూతి నుంచి లోపలికి ఒకేలా ఉండదు. పోలీసుకు దూరం కొట్టే రైఫిల్ అక్కర్లేదు, దగ్గర్లో చిల్లర గుండ్లు వేసే తుపాకీ చాలు. తర్వాతి కాలంలో ఇషాపూర్ కర్మాగారం .303 రైఫిళ్లను .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు, కాపలావాళ్లకు ఇచ్చింది కూడా అదే ఆలోచనతో. మా సర్వీసులో అవి చూడని ఆర్మరర్ ఉండడు.

నవాబు బహుమతి కథ ఇక్కడ ఆగిపోయింది. బహుమతి తుపాకీకి నాళం తొలిచి, పోలీసు నంబరు కొట్టి ఇవ్వరు. మనుమడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

గంగాళం

రజాకార్ల కథ సంగతి తేల్చింది ఇత్తడి నాలుక మీదే ఉన్న ఇంకో గుర్తు. హెచ్.సి.ని అడ్డంగా తొక్కుతూ, చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు. ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు మొదటి అక్షరం. అచ్చం బిందెల మీద పేర్లు కొట్టించినట్టు. చుక్కల్లో ఒకటి రెండు సి అక్షరం గీత మీద పడి దాన్ని నొక్కేశాయి కాబట్టి ఇది హెచ్.సి. తర్వాతిదే. కానీ ఎప్పటిది?

ఇంటికి వెళ్లి ఇత్తడి సామాను చూపించమని అడిగాను. పెద్దకోడలికి ఇది వింతగా తోచింది. "తుపాకి చూడొచ్చి గంగాళం చూస్తవా సారూ?" అని నవ్వింది. వంటింటి వెనక నీళ్లు కాచే పెద్ద గంగాళం అంచు మీద అవే రెండక్షరాలు, పక్కన 1349 ఫ. అని తెలుగు అంకెల్లో ఉంది. ఫస్లీ 1349 అంటే 1939-40.

అక్షరాలు ఒకటే అయినంత మాత్రాన కాలం ఒకటే అని చెప్పలేం, కొడుకు అవే అక్షరాలు తర్వాత కొట్టించి ఉండొచ్చు. అందుకని చుక్కలను చూశాను. గంగాళం మీద ప్రతి చుక్కకూ ఒక అంచు చెక్కిపోయినట్టుంది, పూర్తి గుండ్రం కాదు. కొట్టినవాడి ములుకు మొన ఒకపక్క చిట్లి ఉండాలి. తుపాకీ మీది చుక్కలకూ అదే వైపు, అంతే మేర అదే లోపం ఉంది. చిట్లిన మొనను పనివాడు ఎంతోకాలం అట్లాగే వాడడు, సానబెట్టుకుంటాడు. రెండింటినీ ఒకే కొలతతో ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టాను. ఒకే ములుకు, బహుశా ఒకే పూటలో చేసిన పని.

అంటే 1940 నాటికే తుపాకీ ఈ ఇంట్లో ఉంది, ఇంటివాళ్లు పేరు కొట్టించుకునేంత సొంతంగా. 1948లో గుంజుకుని తెచ్చుకున్నది కాదు. పోలీసు పటేలు ఇల్లు కాబట్టి జిల్లా పోలీసు పక్కన పెట్టిన తుపాకీ ఇటు రావడానికి దారి దగ్గరే.

గీకేసిన చోటు

బట్టు ఎడమవైపు అరచేతి వెడల్పున కర్ర పల్లంగా ఉంది. కత్తితోనో గాజుపెంకుతోనో గీకారు. పక్కవాటు వెలుగులో రెండు నిలువు గీతల ఆనవాలు మిగిలింది. ముద్ర లోతుగా పడితే గీకాక కూడా అడుగున కర్ర పీచు నలిగి ఉంటుంది. ఆవిరి పడితే అది ఉబ్బి కనబడుతుందని కొందరు చేస్తారు. ఆ పని ఒక్కసారే చేయగలం, తర్వాత ఇక అక్కడ ఏమీ మిగలదు. మ్యూజియానికి పోయే వస్తువుకు నేను చేయను. నివేదికలో 'గీకేసిన గుర్తు, చదవలేదు' అని రాసి ఫొటో జోడించాను.

ఆ పల్లంలో పసుపు కుంకుమ జాడ చాలా తక్కువ. మిగతా బట్టు మీద ఉన్నంత లేదు. కాబట్టి గీకింది పూజలు చాలా ఏళ్లు జరిగాక. ఈ మాట చెప్పగానే పెద్దకోడలు ఇంకొంత చెప్పింది. "మధ్యల ఒకసారి తీస్కపోయిండ్రట సారూ. సంఘపోళ్లని కొందరంటరు, రజాకార్లని కొందరంటరు. మా మామ మళ్ల తెచ్చిండట." 1946 తర్వాత నల్లగొండ జిల్లాలో పటేళ్ల, దేశ్‌ముఖ్‌ల ఇళ్ల నుంచి కమ్యూనిస్టుల సంఘం దళాలు తుపాకులు తీసుకుపోవడం, ఇంకోపక్క రజాకార్లు ఊళ్ల మీద పడడం రెండూ నిజంగా జరిగినవే. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య, ఆ వెంటనే జనరల్ చౌధురి సైనిక పాలన. తీసుకుపోయినవాళ్లు తమ గుర్తు పెట్టి ఉండొచ్చు, తిరిగి తెచ్చుకున్నవాళ్లు దాన్ని గీకేసి ఉండొచ్చు. ఆమె మొదట చెప్పిన 'గుంజుకున్నడు' ఈ రెండో సగమే అయివుండాలి. మొదటి సగం జారిపోయి, ఉన్న తుపాకీని మళ్లీ గుంజుకోవడం కాస్తా తుపాకీ రావడంగా మారిపోయింది. ఇది నా అభిప్రాయంగానే రాశాను, ముద్రల జాబితాలో కలపలేదు.

చివరి ముద్ర తేలికే. నాళం ఎడమపక్క, పాత తుప్పును కోసుకుంటూ దిగిన మెరుపు గీతలతో, జిల్లా పేరు ఇంగ్లీషు పొడి అక్షరాలు, ఒక నంబరు. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం గుర్తింపు నంబరు లేని తుపాకీని అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. కర్మాగార నంబరు లేని ఇట్లాంటివాటికి లైసెన్సు ఇచ్చేటప్పుడు కొట్టించినది. పాత లైసెన్సు పుస్తకంలోని నంబరుతో సరిపోయింది.

మ్యూజియంలో పెట్టే పలక మీద ఏం రాయాలన్న దగ్గర ఇంట్లో చిన్న వాదన జరిగింది. పెద్దకోడలికి రజాకార్ల మాట ఉండాలి. మనుమడికి నిజాం మాట ఉండాలి. నేను రాసిచ్చింది ఇది: "స్నైడర్-ఎన్‌ఫీల్డ్, లాక్ 1863, బ్రీచ్ మార్పు 1867 రకం. ఇండియా ప్రభుత్వ ఆస్తి, తర్వాత అమ్మకం. హైదరాబాద్ కాంటింజెంట్ మూడో పదాతి దళంది అయ్యే బలమైన అవకాశం. 1314 ఫస్లీ నాటికి నిజాం జిల్లా పోలీసుది, నంబరు 77. సుమారు 1940 నుంచి దేవరకొండ ప్రాంతపు పోలీసు పటేలు కుటుంబానిది." నిజాం మాట ఉంది కాబట్టి మనుమడు సరేనన్నాడు. పెద్దకోడలు చెప్పిన మాటలను ఆమె చెప్పినట్టే ఒక కాగితం మీద రాసి, ఆమె వేలిముద్ర తీసుకుని, గీకేసిన చోటు ఫొటోతో కలిపి అదే ఫైల్లో పెట్టాం.